పాటకు వేరే తీగ: యాంగోన్ ఇళ్ళలో ఆడియో వ్యవస్థకు విద్యుత్ సరఫరా

బర్మీయులు విద్యుత్తును వాడుక మాటలో ‘మీ’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం నిప్పు. కరెంటు పోతే ‘మీ ప్యెట్’. తిరిగి వచ్చినప్పుడు వీధి పొడవునా వినిపించే కేక ‘మీ లా బ్యీ’. ఈ నగరంలో పెరిగే తెలుగు పిల్లలకు ‘కరెంటు వచ్చింది’ అన్న మాట ఎంత పరిచితమో ఈ కేకా అంతే పరిచితం. గోడవెంట పాకే తీగలను గురించి ఆలోచించేటప్పుడు ఆ నిప్పు అన్న పేరును గుర్తుంచుకోవడం మంచిది. మంచి యాంప్లిఫయరు, మంచి స్పీకర్లు కొనుక్కున్న తరువాత ‘వీటికి మీటరు దగ్గరనుంచే వేరే లైను వేయిస్తే పాట ఇంకా బాగుంటుందా?’ అని అడిగేవారున్నారు. వారికి చెప్పవలసిన సమాధానంలో పాటకు సంబంధించిన భాగం చిన్నది. నిప్పుకూ ప్రాణానికీ సంబంధించిన భాగం పెద్దది.

కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవులనుంచి ఓడలెక్కి మన పూర్వులు ఈ దేశానికి వచ్చిన రోజులలో సంగీతానికి కరెంటు అవసరమే లేదు. గ్రామఫోనుకు కీ ఇస్తే చాలు. రంగూన్ వీధులలో 1906లో విద్యుత్ ట్రాములు తిరగడం మొదలైనది. వాటిని నడిపిన రంగూన్ ఎలక్ట్రిక్ ట్రామ్‌వే అండ్ సప్లై కంపెనీ, ఆ పేరే చెప్పినట్లు, నగరానికి విద్యుత్తును అమ్మే పనిని కూడా చేపట్టినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, జపాన్ యుద్ధపరిహారంతో కాయా రాష్ట్రంలోని లోపిత వద్ద కట్టిన జలవిద్యుత్ కేంద్రం 1960లో పనిచేయ నారంభించి, కొండలలోని నీటిశక్తిని వందల కిలోమీటర్ల దూరంలోని రాజధానికి తీగలమీద తెచ్చినది. నగర మధ్యభాగంలోని పాత భవనాలలో వేసిన తీగలు నాలుగు దీపాలకూ రెండు పంకాలకూ ఉద్దేశించినవి. తరువాతి తరంలో లిఫ్టు లేకుండా కట్టిన ఆరేడు అంతస్తుల భవనాలలోనూ పరిస్థితి అంత మెరుగు కాదు. ఆ తీగలమీదనే నేడు శీతలయంత్రం, ఫ్రిజ్, నీటి పంపు, ఇస్త్రీపెట్టె, టెలివిజన్, వాటి పక్కన మన ఆడియో వ్యవస్థ, అన్నీ బతుకుతున్నవి.

వేరే లైను వలన కలిగే మేలేమిటో లెక్క వేసి చూద్దాం. మీటర్లు చాలా భవనాలలో కింద మెట్ల దగ్గర వరుసగా బిగించి ఉంటాయి. ఆరవ అంతస్తులో నివసించేవారికి అక్కడినుంచి 25 మీటర్ల తీగ పడుతుందని అనుకుందాం. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి. కనుక మొత్తం 50 మీటర్ల రాగి. తీగ మందం 1.5 చదరపు మిల్లీమీటర్లయితే ఆ 50 మీటర్ల నిరోధం సుమారు 0.6 ఓములు. శీతలయంత్రం నడుస్తూ 6 ఆంపియర్లు తీసుకుంటే తీగలోనే మూడున్నర వోల్టులకు పైగా ఖర్చయిపోతాయి. అదే యంత్రం మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 30 ఆంపియర్లు లాగిందనుకోండి, 18 వోల్టులు పడిపోతాయి. దీపం ఒక్కసారి కన్ను ఆర్పినట్లు మసకబారేది అప్పుడే. అదే తీగమీద ఉన్న యాంప్లిఫయరుకు కూడా ఆ కుదుపు తగులుతుంది. ఆడియోకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో వేరే లైను వేస్తే నిరోధం 0.23 ఓములకు తగ్గుతుంది. మన పరికరాలన్నీ కలిసి 2 ఆంపియర్లు తీసుకున్నా నష్టం అర వోల్టు మించదు. పైగా శీతలయంత్రపు కుదుపులో ఇంటి తీగ వలన కలిగే భాగం దానికి అంటదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కింది మీటరునుంచి ఇంటివరకు వచ్చే ప్రధాన తీగనే మార్చి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వేయిస్తే, దాని నిరోధం 0.09 ఓములకు దిగుతుంది. అప్పుడు శీతలయంత్రం 30 ఆంపియర్లు లాగినా ఆ తీగలో పడిపోయేది మూడు వోల్టులకు లోపే. ఆ మేలు ఆడియోకే కాక ఇంటిలోని అన్ని వస్తువులకూ కలుగుతుంది. పాత తీగ వేడెక్కి అంటుకుంటుందన్న భయం కూడా తగ్గుతుంది. ఆ తరువాత ఇంట్లోని పంపిణీ పెట్టెనుంచి ఆడియో గదికి మాత్రం విడిగా ఒక శాఖ లాగితే సరిపోతుంది. డబ్బు ఒక్క పనికే ఉన్నదంటే నేను మొదట ప్రధాన తీగకే ఓటు వేస్తాను. సాధారణంగా ఆడియో పుస్తకాలు ఈ సంగతి చెప్పవు. వాటిని రాసేవారి ఇళ్ళలో ప్రధాన తీగ మొదటే లావుగా ఉంటుంది కాబోలు!

వేరే లైను చేయలేని పనులు కూడా ఉన్నవి. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరునుంచి మీటరు దాకా వచ్చే సరఫరాయే 180 వోల్టులకు పడిపోతే, ఇంట్లో ఎంత లావు తీగ వేసినా 180 కి మించి రాదు. దీనివలన ధ్వనికి కలిగే లోపం మాత్రం మనం భయపడేటంత కాదు. పాత పద్ధతి యాంప్లిఫయరులో ట్రాన్స్‌ఫార్మరునుంచి వచ్చే విద్యుత్తు దిద్దుబాటు లేకుండానే లోపలి దశలకు చేరుతుంది. వోల్టేజి 230 నుంచి 180 కి తగ్గితే, వర్గానుపాతంలో, 100 వాట్ల సామర్థ్యం 61 వాట్లవుతుంది. వినడానికి ఘోరంగా ఉన్నా, చెవి లెక్కలో అది రెండు డెసిబెల్‌ల తేడా మాత్రమే. మధ్యస్థాయిలో వినేవారికి ఏమీ తెలియదు. బాగా పెంచి విన్నప్పుడు మృదంగపు దెబ్బ తల కాస్త బండబారుతుంది. వాల్వు యాంప్లిఫయరు సంగతి వేరు. 6.3 వోల్టులు అందవలసిన హీటరుకు 5 కూడా అందకపోతే వాల్వులు సక్రమంగా పనిచేయవు.

తక్కువ వోల్టేజికి ఇక్కడి ఇళ్ళలో చిరకాలంగా వాడుకలో ఉన్న మందు, చేత్తో మీట తిప్పే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మరు. సాయంకాలం 180 ఉన్నప్పుడు దానిని 230 వచ్చేటట్లు తిప్పిపెడతారు. రాత్రి పొద్దుపోయాక చుట్టుపక్కలవారి దీపాలు ఆరిపోతాయి, వీధి వోల్టేజి 230 కి తిరిగి చేరుతుంది. మీట అక్కడే ఉంటే మన పరికరాలకు అందేది సుమారు 294 వోల్టులు. ఆడియో పరికరాలను తక్కువ వోల్టేజికంటె ఈ మతిమరుపే ఎక్కువగా కాలుస్తుంది. కనుక తనంతట తాను సవరించుకొనే స్టెబిలైజరే ఆడియోకు తగినది. రిలే రకం మెట్టుమెట్టుగా మారుతూ టక్కు టక్కుమంటుంది. సర్వో మోటారు రకం నిదానంగా, అంతరాయం లేకుండా సర్దుతుంది. హెచ్చు వోల్టేజి వస్తే సరఫరాను పూర్తిగా తెంచివేసే ఏర్పాటు దానిలో ఉన్నదో లేదో కొనేముందే చూసుకోవలె. మూడు ఫేజుల సరఫరా ఉన్న భవనంలో న్యూట్రల్ తీగ ఊడిందంటే ఒక్కొక్క ఇంటికి 300 వోల్టులు దాటి కూడా రావచ్చు. అప్పుడు ఇంటిని కాపాడేది ఆ తెంపే ఏర్పాటే.

ఇక కరెంటు అసలే లేని గంటల మాట. ఎండకాలంలో జలాశయాలు తగ్గినప్పుడల్లా యాంగోన్ కోతలను ఎరిగినదే. 2021 తరువాత ఆ కోతలు మరీ తీవ్రమైనవి, వంతులవారీగా ప్రాంతాలకు విద్యుత్తు పంచే పరిస్థితి వచ్చినది. జనరేటరో, బాటరీ ఇన్వర్టరో లేని ఇంట సంగీతం వినడమంటే కరెంటు వేళలకు మన వేళలను కుదుర్చుకోవడమే.

జనరేటరు విషయంలో సంగీతప్రియులు గమనించదగిన వింత ఒకటున్నది. చిన్న పెట్రోలు జనరేటరు నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జుల విద్యుత్తు వస్తుంది. భారం పెరిగి ఇంజను మందగిస్తే అది 48 కి దిగుతుంది. పాత రకం బెల్టు టర్న్‌టేబులులో ఉండే సింక్రొనస్ మోటారు వోల్టేజిని పట్టించుకోదు, హెర్ట్జులనే నమ్ముకుంటుంది. కనుక నిమిషానికి 33⅓ సార్లు తిరగవలసిన రికార్డు 32 సార్లే తిరుగుతుంది. శ్రుతి నూటికి నాలుగు పాళ్ళు తగ్గుతుంది. అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరంలో ఇంచుమించు 70 పాళ్ళు. ఒకటిన్నర శ్రుతిలో పాడిన ఘంటసాల ఒకటి శ్రుతి దగ్గరకు జారిపోతారు. నీటి పంపు ఆపగానే మళ్ళీ పైకి లేస్తారు! దీనికి వేరే లైను మందు కాదు, స్టెబిలైజరూ కాదు, ఎందుకంటే స్టెబిలైజరు సవరించేది వోల్టేజిని మాత్రమే. ఇన్వర్టరు రకం జనరేటరుగాని, శుద్ధ సైన్ తరంగం ఇచ్చే బాటరీ ఇన్వర్టరుగాని కావలె. క్యాసెట్ యంత్రాలలోనూ సి.డి. ప్లేయర్లలోనూ మోటారు వేగాన్ని లోపలి సర్క్యూటే నియంత్రిస్తుంది కనుక వాటికి ఈ బాధ లేదు. చౌక ఇన్వర్టర్లు ఇచ్చే మెట్లమెట్ల తరంగంతో మాత్రం ఏ ట్రాన్స్‌ఫార్మరైనా గుర్రుమంటుంది.

గుర్రుమనడం అన్నాం కనుక అసలు సమస్యకు వద్దాం. పాట లేనప్పుడు స్పీకర్లలో వినిపించే ‘మ్‌మ్‌మ్’ అనే హోరు తొలగించడానికే చాలామంది వేరే లైను కోరుకుంటారు. ఆ హోరుకు సాధారణ కారణం సన్నని తీగ కాదు, ఎర్తు వలయం. యాంప్లిఫయరు ఒక చోట ఎర్తు అయి ఉన్నది. దానికి తగిలించిన టెలివిజన్ డిష్ ఆంటెనా కేబులు ద్వారా మేడమీద ఇంకొక చోట ఎర్తు అయినది. ఈ రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజి భేదం ఎప్పుడూ ఉంటుంది. ఆ భేదం వలన 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు రెండు పరికరాలనూ కలిపే ఆడియో తీగ పైతొడుగులో పారినదనుకొందాం. ఆ తొడుగు నిరోధం ఓములో పదోవంతు అయితే, సంకేతంతో పాటు ఒక మిల్లీవోల్టు హోరు కలుస్తుంది. రికార్డు ప్లేయరు సూది పుట్టించే సంకేతమే నాలుగైదు మిల్లీవోల్టులు! హోరు పాటను మింగడంలో ఆశ్చర్యమేమున్నది?

దీనికి ఊరూరా చెప్పుకొనే చిట్కా వైద్యం ఒకటున్నది. ప్లగ్గులోని ఎర్తు కాలును కోసివేయడం, లేక మూడు కాళ్ళ ప్లగ్గును రెండు కాళ్ళ అడాప్టరులో పెట్టడం. యాంగోన్‌లో దీనికి కోత కూడా అక్కరలేదు. చాలా పాత ఇళ్ళలో ఎర్తు తీగే లేదు. బ్రిటిషు చదరపు కాళ్ళు, మన దేశపు గుండ్రని కాళ్ళు, ఐరోపా జంట కాళ్ళు అన్నింటినీ మింగే సర్వజనీన సాకెట్టులో మూడవ రంధ్రం ఉంటుంది, దాని వెనుక తీగ ఉండదు. హోరు పోయిందని సంతోషించే ఆ ఇంట్లో జరిగినది ఏమిటంటే, యాంప్లిఫయరు లోహపు పెట్టెకు కాపలా లేకుండా పోయినది. లోపలి ట్రాన్స్‌ఫార్మరు చుట్ల పూత వానాకాలపు చెమ్మకో, ముసలితనానికో దెబ్బతింటే 230 వోల్టులు పెట్టెమీదికి వస్తాయి. అంతటితో ఆగవు. ఆడియో తీగల పైతొడుగు అన్ని పరికరాల పెట్టెలనూ కలుపుతుంది కనుక టెలివిజనుకూ, సి.డి. ప్లేయరుకూ పాకుతాయి, చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోను తీగలోకి కూడా. తడి చేతితో వాల్యూం తిప్పే పిల్లవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

హోరుకు సరైన చికిత్స ఓపికతో కూడినది. అన్ని తీగలూ ఊడదీసి, యాంప్లిఫయరును ఒక్కదానినే వినవలె. హోరు లేకపోతే ఒక్కొక్క పరికరాన్ని కలుపుతూ పోవలె. ఏది కలిపినప్పుడు హోరు మొదలైతే అదే దోషి. పదిలో ఎక్కువసార్లు అది ఆంటెనా కేబులో, కంప్యూటరో అవుతుంది. ఆంటెనా కేబులుకు విడదీసే చిన్న ఐసొలేటరును, ఆడియో తీగకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరును మధ్యలో పెట్టి సంకేతపు దారిని విడదీయవలె. ఎర్తును ఎన్నడూ తాకరాదు. పరికరాలన్నిటికీ ఒకే చోటనుంచి విద్యుత్తూ ఎర్తూ అందించడం రెండవ మార్గం. వేరే లైను హోరుకు చేసే మేలు నిజానికి ఇక్కడ ఉన్నది. అది లావు తీగ అయినందుకు కాదు, అన్నిటికీ ఒకే ఎర్తు ఇచ్చినందుకు.

ఆ ఎర్తు ఎక్కడినుంచి రావలె? భవనం దగ్గర నేలలో దిగగొట్టిన రాగిపూత కడ్డీనుంచి. నీటి గొట్టాలు నమ్మదగినవి కావు, వాటిలో చాలా భాగం ఇప్పుడు ప్లాస్టిక్కు. పిడుగు కడ్డీ తీగను ఎర్తుగా వాడుకోవడం ఆత్మహత్యాసదృశం. 2.4 మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల మందం గల కడ్డీకి నది ఒండ్రు చెమ్మ నేలలో సుమారు 20 ఓముల నిరోధం రావచ్చు. ఎండి గట్టిపడిన ఎర్ర లాటరైటు గుట్టమీద అదే కడ్డీ 200 ఓములు చూపవచ్చు. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాదాపు అంతా మే నెల మధ్యనుంచి అక్టోబరు లోపల. కనుక ఆగస్టులో కొలిచి ‘బాగున్నది’ అనుకొన్న ఎర్తు ఏప్రిల్‌లో వేరే మనిషి. కొలిస్తే ఏప్రిల్‌లోనే కొలిపించవలె.

కడ్డీ పాతాం కదా అని నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. ఈ లెక్క చూడండి: 20 ఓముల ఎర్తులోకి 230 వోల్టుల ఫేజు తగిలితే పారే కరెంటు 11.5 ఆంపియర్లు. లైనుకు పెట్టిన 16 ఆంపియర్ల ఎమ్.సి.బి. దానిని మామూలు భారమనుకొని ఊరుకుంటుంది. పెట్టెమీద వోల్టేజి అలాగే నిలిచి ఉంటుంది! అందుచేత 30 మిల్లీ ఆంపియర్ల ఇ.ఎల్.సి.బి. తప్పనిసరి. వెళ్ళే కరెంటుకూ తిరిగి వచ్చే కరెంటుకూ మధ్య అంత కొద్ది తేడా కనిపించినా అది రెప్పపాటులో తెంచుతుంది. ఎర్తు నిరోధం 200 ఓములున్నా దానికి సరిపోతుంది. ఆడియో లైను ఖర్చులో ఒక్క వస్తువే కొనగలిగితే అది ఇదే కావలె. జనరేటరు, ఇన్వర్టరు ఉన్నవారికి ఒక హెచ్చరిక: ఆ యంత్రపు న్యూట్రల్ ఎర్తుకు కలపబడకపోతే ఇ.ఎల్.సి.బి. పనిచేయకపోవచ్చు. ఎలక్ట్రీషియనుచేత ఆ సంగతి తేల్చుకోవలె. ఇంటిని ఒక సరఫరానుంచి ఇంకొక దానికి మార్చడానికి రెండు వైపుల స్విచ్చు ఉండవలె. లేకుంటే మన జనరేటరు విద్యుత్తు వీధి తీగలోకి ఎదురెక్కి, స్తంభమెక్కిన మనిషిని చంపుతుంది.

ఆడియోకు ‘శుభ్రమైన’ ఎర్తు కావాలని ఇంటి ఎర్తుతో కలపకుండా వేరే కడ్డీ పాతించడం మరొక ప్రమాదకరమైన మోజు. మే, అక్టోబరు నెలల ఉరుముల కాలంలో దగ్గరలో పిడుగు పడినప్పుడు రెండు కడ్డీల మధ్య వేల వోల్టుల భేదం పుట్టగలదు. ఆ భేదం దూకేది మన యాంప్లిఫయరు గుండానే. రెండవ కడ్డీ పాతితే దానిని మొదటిదానితో లావు రాగి తీగతో కలిపివేయవలె.

పని చేయించే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అనుమతి పత్రం ఉన్న ఎలక్ట్రీషియనుచేతనే చేయించవలె. మీటరు, దాని సీలు విద్యుత్ సంస్థవి, వాటి జోలికి పోరాదు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ ఒకే గొట్టంలో కలిసి నడవవలె. విడివిడిగా నడిపితే వాటి చుట్టూ అయస్కాంత క్షేత్రం పెరిగి హోరు హెచ్చుతుంది. ఆడియో సంకేతపు తీగలు వీటికి దూరంగా ఉండవలె. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటవలె. పెద్ద వలయాకారపు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న యాంప్లిఫయరు స్విచ్చు వేసిన క్షణంలో ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక ఎమ్.సి.బి. ‘సి’ రకానిది కావలె. ‘బి’ రకం ఊరకే పడిపోతూ ఉంటుంది. అన్నిటినీ మింగే సాకెట్టు వద్దు. వదులు పట్టు వేడెక్కుతుంది, చిటపటమంటుంది. ఒకే రకం ప్లగ్గులు, వాటికి సరిపోయే బిగువైన సాకెట్లు నాలుగు చాలు.

ఇక వందల డాలర్లు పోసి కొనే పవర్ కార్డుల సంగతి. కొండలలోనుంచి వందల కిలోమీటర్లు అల్యూమినియం తీగమీద ప్రయాణించి, వీధి ట్రాన్స్‌ఫార్మరులో మూలిగి, మెట్ల కింద తుప్పు పట్టిన స్క్రూల గుండా దూరి వచ్చిన విద్యుత్తుకు, చివరి ఒకటిన్నర మీటర్లలో వెండిపూత తొడిగితే ఏమి మారుతుందో నాకు బోధపడలేదు. ఆ సొమ్ముతో మెట్ల కింది స్క్రూలు బిగింపించి, తుప్పు పట్టిన లగ్గులు మార్పించవచ్చు.

కోత ముగిసి విద్యుత్తు తిరిగి వచ్చే క్షణమే పరికరాలకు గడ్డుది. వీధిలోని ఫ్రిజ్‌లూ శీతలయంత్రాలూ అన్నీ ఒక్కసారిగా లేస్తాయి, వోల్టేజి ఎగిరి పడుతుంది. ఆడియో లైనుకు మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి కలిపే టైమరు పెట్టించుకొంటే ‘మీ లా బ్యీ’ కేకలు సద్దుమణిగిన తరువాతనే యాంప్లిఫయరుకు కరెంటు అందుతుంది. ఇ.ఎల్.సి.బి. మీద ఉండే పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలె. నొక్కగానే అది టక్కున పడిపోకపోతే, కొత్తది బిగించేవరకు ఆ లైనును వాడరాదు.